క్రాప్ సెన్సర్ కెమెరాకి ప్రైమ్ లెన్స్: ముందు గది కొలవండి

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ (18–55 జూమ్) తర్వాత ఏ ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని ఒకే ఎంఎం లెన్స్, కొనాలని ఎవరిని అడిగినా "50 తీసుకో, ఇంకేం ఆలోచించకు" అంటారు. ఈ మాట ఫిల్మ్ కెమెరాల కాలం నాటిది. 36 × 24 ఎంఎం ఫిల్మ్ మీద 50ఎంఎం లెన్స్ మరీ వెడల్పూ కాదు, మరీ ఇరుకూ కాదు. మీ చేతిలో ఉన్న కెనాన్ 1500డీ, 200డీ, ఆర్50, నికాన్ డీ5600, జెడ్50, సోనీ ఏ6400 లాంటి వాటిలో సెన్సర్ అంతకంటే చిన్నది, అందుకే దాన్ని క్రాప్ సెన్సర్ అంటారు. కెనాన్‌లో వెడల్పు సుమారు 22.3 ఎంఎం, నికాన్, సోనీ, ఫ్యూజీల్లో సుమారు 23.5 ఎంఎం. వీటి మీద 50 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో (ఆ ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న కెమెరాలో) 75 లేదా 80 లెన్స్ పెట్టినంత ఇరుగ్గా కనిపిస్తుంది. లెన్స్ మారలేదు, అది వేసే బొమ్మలో నడిమి ముక్కే సెన్సర్ మీద పడుతోంది.

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో మనం ఫొటోలు తీసేది ఎక్కువగా ఇళ్ళలో. పది పన్నెండడుగుల గదులు, ఇరుకు సావిళ్ళు, వీధి అరుగులు. అక్కడ 50 పట్టుకుని గోడకి వీపు ఆనించినా మనిషి మోకాళ్ళ దాకానే వస్తాడు. అందుకే కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఎఫ్ నంబరు (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ) కాదు, వెనక్కి జరగడానికి తమకి ఎన్ని అడుగుల చోటు దొరుకుతుందన్నది. వెలుతురు, మౌంట్ (లెన్స్ కెమెరాకి బిగిసే చోటు), మోడల్ పేరు అన్నీ ఆ తర్వాతే.

టేపుతో కొలవండి

ఇంట్లో మేజర్ టేపు తీసుకోండి. మీరు ఎక్కువగా ఫొటోలు తీసే చోటు ఎంచుకోండి. గది పొడవులోంచి మూడడుగులు తీసేయండి: మీ వెనక గోడకీ కెమెరాకీ మధ్య ఒక అడుగు, ఎదుటి మనిషికీ అవతలి గోడకీ మధ్య రెండడుగులు. మనిషి గోడకి అంటుకుని నిలబడితే నీడ గోడ మీద పడి ఫొటో పాడవుతుంది, ఆ రెండడుగులు వదలక తప్పదు. అంటే పన్నెండడుగుల గదిలో మీకు దొరికే దూరం తొమ్మిదడుగులే.

ఇక లెక్క. ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు = సెన్సర్ వెడల్పు × దూరం ÷ లెన్స్ ఎంఎం. నోటికి వచ్చేలా చెప్పాలంటే:

24తో ఎన్ని అడుగుల దూరంలో ఉంటే ఫ్రేమ్ పొడవు వైపు దాదాపు అన్ని అడుగులు పడుతుంది.
35తో దూరంలో మూడింట రెండు వంతులు.
50తో సగం కంటే కాస్త తక్కువ.

కెమెరా నిలువుగా పట్టుకుంటే ఇదే కొలత ఎత్తుకి వర్తిస్తుంది. తొమ్మిదడుగుల దూరంలో 50తో నిలువుగా తీస్తే పడేది 4.2 అడుగులు. అయిదున్నర అడుగుల మనిషి మోకాళ్ళ దగ్గరే తెగిపోతాడు. 35తో ఆరడుగులు పడుతుంది, తలపైనా కాళ్ళ కిందా కొంచెం చోటు మిగులుతుంది. 24తో 8.8 అడుగులు, హాయిగా పడుతుంది. కెనాన్ వాళ్ళు ఈ అంకెల్లో ఇరవయ్యో వంతు తగ్గించుకోవాలి.

అయిదుగురు భుజాలు ఆనించి బల్ల మీద కూర్చుంటే, రెండు వైపులా కాస్త ఖాళీతో కలిపి, పదిన్నర అడుగుల వెడల్పు కావాలి. 24తో దానికి 11 అడుగుల దూరం, 35తో 16, 50తో 22 అడుగులు. బారసాలకో, గృహప్రవేశానికో వచ్చిన చుట్టాలని నిలబెట్టి తీయాలనుకునేవాళ్ళు ఈ మూడు అంకెలు రాసి పెట్టుకోండి. ఇరవై రెండడుగులు వెనక్కి జరగాలంటే చాలా ఇళ్ళలో వీధిలోకి వెళ్ళాలి.

ఇప్పుడు దీని అవతలి వైపు. మొహమూ భుజాలూ మాత్రమే కావాలంటే ఫ్రేమ్ రెండున్నర అడుగులు చాలు. దానికి 50తో 5.3 అడుగుల దూరంలో ఉంటారు, 35తో 3.7, 24తో 2.6. మొహానికి మూడడుగుల లోపు చేరితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. ఈ తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. దగ్గర నుంచి చూస్తే ముక్కుకీ చెవులకీ ఉన్న నాలుగైదు అంగుళాల తేడా మొత్తం దూరంలో పెద్ద వాటా అవుతుంది. కాబట్టి పెళ్ళికూతురి మొహం, పసిపిల్లల నవ్వు, ముసలివాళ్ళ ముడతలు ఇవే మీ పని అయితే 50 మంచి లెన్సే. ఇంట్లో అన్ని పనులకీ ఒకటే కావాలంటే మాత్రం 30 లేదా 35 కొనండి. పూర్తిగా చిన్న గదుల్లో గుంపులే తీసేవాళ్ళు 24 వైపు వెళ్ళండి.

కిట్ లెన్స్‌తో వారం రోజుల పరీక్ష

డబ్బు పెట్టే ముందు ఇది తప్పక చేయండి. 18–55 లెన్స్ జూమ్ రింగ్‌ని 24 దగ్గర పెట్టి, కదలకుండా కాగితపు టేపు చుట్టండి. రెండు రోజులు దానితోనే తీయండి. తర్వాత 35 దగ్గర రెండు రోజులు, 55కి కాస్త ముందు మరో రెండు రోజులు. ప్రతిసారీ ఒక్కటే గమనించండి: వెనక్కి జరగాలనిపించి జరగలేకపోయింది ఎన్నిసార్లు, ముందుకు వెళ్ళాలనిపించి వెళ్ళలేకపోయింది ఎన్నిసార్లు? మొదటిది ఎక్కువైతే ఇంకా తక్కువ ఎంఎం కావాలి. వెనకాల మసకబారే బ్లర్ సంగతి ఈ పరీక్షలో చూడకండి, కిట్ లెన్స్‌తో అది తేలదు.

పాత ఫొటోల్లో ఏ ఎంఎం ఎక్కువగా వాడారో చూడమని కొందరు చెబుతారు. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే ఫోకల్ లెంగ్త్ కనిపిస్తుంది. చూడండి, కానీ చివరి అంకెల్ని నమ్మకండి. 18 దగ్గరో 55 దగ్గరో ఫొటోలు కుప్పగా ఉంటే అది మీ ఇష్టం కాదు, జూమ్ అక్కడితో ఆగిపోయిందని అర్థం. 55 దగ్గర ఎక్కువ ఉంటే మీకు కావలసింది బహుశా ప్రైమ్ కాదు, దూరాన్ని దగ్గర చేసే జూమ్. తేలినీలాపురంలో చెట్ల మీది కొంగలకి 50 కొన్నా 35 కొన్నా అవి చుక్కల్లాగే పడతాయి. దానికి 300 ఎంఎం, అంతకు పైన ఉండాలి.

మీరు తీసేది ఏమిటి

పొందూరు ఖాదీ తీయాలనుకుంటే రెండు రకాల పని ఉంటుంది. మగ్గం, దాని ముందు కూర్చున్న నేతగాడు కలిసి పడాలంటే గదిలో 24 నుంచి 35 దాకా కావాలి. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వే చేతులు, రాట్నం మీద సన్నటి పోగు తీయాలంటే చూడాల్సింది లెన్స్ ఎంత దగ్గర్లో ఫోకస్ అవుతుందన్నది. ఇది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. నికాన్ ఏఎఫ్-ఎస్ 50ఎంఎం ఎఫ్/1.8జీ 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రాదు, ఎంత దగ్గరికెళ్ళినా ఫ్రేమ్‌లో సుమారు 16 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం 35 సెంటీమీటర్ల దాకా వస్తుంది, 10.6 సెంటీమీటర్లు పడుతుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 24ఎంఎం ఎఫ్/2.8 అయితే 16 సెంటీమీటర్ల దాకా వెళ్ళి 8 సెంటీమీటర్ల వెడల్పు నింపుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ 35ఎంఎం ఎఫ్/1.8 మాక్రోతో నాలుగున్నర సెంటీమీటర్లే ఫ్రేమ్ నిండా వస్తాయి. ఈ దూరాలన్నీ లెన్స్ మూతి నుంచి కాదు, సెన్సర్ నుంచి కొలిచినవి. 16 సెంటీమీటర్లంటే లెన్స్ మూతికీ వస్తువుకీ మధ్య పది సెంటీమీటర్ల లోపే ఉంటుంది, దాని నీడ పడకుండా కిటికీ వైపు నుంచి వెలుతురు రానివ్వండి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చెక్కేచోట కూడా ఇదే లెక్క. అక్కడ చెక్కపొడి ఎగురుతూ ఉంటుంది కాబట్టి లోపల లెన్స్ మార్చకండి, ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్ళండి.

విజయనగరం సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడితే వెనక్కి ఒక్క అడుగు కూడా జరగలేరు. అక్కడ 24 లేదా దానికంటే వెడల్పు ఉన్న లెన్స్ పనికొస్తుంది. 50తో జనంలో మొహాలు దొరుకుతాయి, సిరిమాను దొరకదు. తప్పెటగుళ్ళ బృందానికి 35 బాగా కుదురుతుంది. పదిహేనడుగుల దూరం నుంచి పదడుగుల వెడల్పు పడుతుంది కాబట్టి ముగ్గురు నలుగురు ఆటగాళ్ళు గెంతుతున్నా కాళ్ళూ తలలూ తెగవు.

వెలుతురు లెక్క

ప్రైమ్ కొనడానికి అసలు కారణం ఇదే. కిట్ లెన్స్ 35 దగ్గర సుమారు ఎఫ్/4.5కి తెరుచుకుంటుంది, 55 దగ్గర ఎఫ్/5.6కే. ఎఫ్/1.8 ప్రైమ్ 35 దగ్గర ఆరు రెట్లకి పైగా, 50 దగ్గర పది రెట్లకి దగ్గరగా ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. ట్యూబ్‌లైట్ వెలుగులో కిట్ లెన్స్‌కి ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా ఫొటోని ఎంత పెంచుకుంటుందో చెప్పే అంకె) 6400 అవసరమైన చోట 35 ప్రైమ్‌కి 1000 చాలు. గరుకు (నాయిస్) తగ్గి చర్మం రంగు నిలబడుతుంది.

చేతితో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం 50తో కనీసం 1/80 సెకను, 35తో 1/60, 24తో 1/40 ఉండాలి. ఇది మీ చేతి వణుకుకే. ఎదుటి మనిషి కదులుతుంటే 1/125 నుంచి 1/250, తలంబ్రాలు పోసుకునేటప్పుడు 1/250కి తగ్గకూడదు, తప్పెటగుళ్ళకి 1/320 నుంచి 1/500. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉన్నా అది చేతి వణుకుని ఆపుతుంది గానీ గెంతే మనిషిని ఆపదు. వీడియో చేతితో తీసేవాళ్ళకి మాత్రం అది చాలా ముఖ్యం. సోనీ ఏ6400, నికాన్ జెడ్50, కెనాన్ ఆర్50 బాడీల్లో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి సోనీ ఈ 35ఎంఎం ఎఫ్/1.8 ఓఎస్ఎస్ లాంటి, లోపలే ఆ సదుపాయం ఉన్న లెన్స్ చూడండి.

పందిట్లో ఎల్ఈడీ దీపాల కింద ఫొటో మీద అడ్డంగా నల్లటి పట్టీలు వస్తే కంగారుపడి లెన్స్ వెనక్కి పంపేయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం వెలుగు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది. షట్టర్ 1/100కో 1/50కో తెస్తే చాలావరకు పోతాయి.

పగటి వెలుగులో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది. కళింగపట్నం తీరంలో మిట్టమధ్యాహ్నం ఎఫ్/1.8తో ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 1/8000 కావాలి. మామూలు బాడీల్లో షట్టర్ 1/4000 దగ్గర ఆగిపోతుంది, నురుగంతా తెల్లటి మచ్చలా పోతుంది. ఎఫ్/2.8కి మూయండి, లేదా వెలుతురుని ఎనిమిదో వంతుకి తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ పెట్టండి.

ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ దాని మీదే ఉంచడం కొత్తవాళ్ళందరూ పడే గుంట. 50తో అయిదడుగుల దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండేది ఆరున్నర సెంటీమీటర్ల లోతే. కంటి మీద ఫోకస్ ఉంటే చెవి మసకబారుతుంది. దంపతులు ముందూ వెనకా నిలబడితే ఒకరు పోతారు. ఒక్క మొహానికి ఎఫ్/2 నుంచి 2.8, ఇద్దరికి ఎఫ్/4 పెట్టండి. పదడుగుల దూరంలో 50తో ఎఫ్/4కి అరమీటరుకి పైగా లోతు దొరుకుతుంది, అది చాలు. రెండు వరసల గుంపుకి ఎఫ్/5.6.

మౌంట్ దగ్గర మోసపోకండి

నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. ఏఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8డీ చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉండాలి. ఈ బాడీలకి ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35ఎంఎం ఎఫ్/1.8జీ ఇప్పటికీ నేను మొదట చెప్పే లెన్స్: 200 గ్రాముల బరువు, 52ఎంఎం ఫిల్టర్, 30 సెంటీమీటర్ల ఫోకస్. నికాన్ జెడ్ బాడీలకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే ఏఎఫ్-ఎస్ లెన్సులకి ఆటోఫోకస్ ఉంటుంది, పాత ఏఎఫ్-డీలకి ఉండదు. అడాప్టర్ వద్దనుకుంటే నిక్కోర్ జెడ్ డీఎక్స్ 24ఎంఎం ఎఫ్/1.7 ఉంది.

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో (1500డీ, 200డీ లాంటివి) 35కి సమానమైన చవక ఎంపిక సులువుగా దొరకదు, అందుకే 24 ఎఫ్/2.8కీ 50 ఎఫ్/1.8కీ మధ్య తేల్చుకోవాల్సి వస్తుంది. గది చిన్నదైతే 24. ఈఎఫ్-ఎస్ లెన్స్ కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి బిగదు, ఈఎఫ్ బిగుస్తుంది. అడాప్టర్‌తో రెండూ ఆర్ సిరీస్‌లో పనిచేస్తాయి.

సోనీ ఈ, ఫ్యూజీ ఎక్స్, నికాన్ జెడ్, కెనాన్ ఆర్ఎఫ్ నాలుగింటికీ సిగ్మా 30ఎంఎం ఎఫ్/1.4 డీసీ డీఎన్ దొరుకుతుంది. ఒకే లెన్స్‌తో ఇల్లంతా తీయాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

ఫోకస్ చేత్తో తిప్పే చవక లెన్సులు కూడా వస్తున్నాయి. కదలని వస్తువులకి, ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచుల్ని రంగుతో చూపే సదుపాయం) ఉన్న మిర్రర్‌లెస్ బాడీ మీద బాగుంటాయి. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' అన్న అర్థం వచ్చే ఆప్షన్ ఆన్ చేయకపోతే కొన్ని బాడీలు అసలు క్లిక్ కొట్టవు. పెళ్ళిళ్ళకి వీటి జోలికి పోవద్దు.

చేతికి వచ్చాక, రిటర్న్ గడువులోపల

కొత్తదైనా పాతదైనా ఈ పరీక్షలు చేయండి.

1. గోడకి నాలుగు మూలలా, నడిమిన ఒక న్యూస్‌పేపర్ పేజీ అంటించండి. కెమెరాని స్టాండ్ మీద గోడకి సమాంతరంగా పెట్టి, ఎఫ్/1.8, 2.8, 5.6 దగ్గర తీయండి. నాలుగు మూలలూ సమానంగా కొంచెం మసకగా ఉంటే అది ఆ లెన్స్ తీరు. ఒక మూల మాత్రం 5.6 దగ్గర కూడా మసకగా ఉంటే లోపల అద్దం పక్కకి ఒరిగింది, వెనక్కి పంపండి.

2. మూడు పెన్సిల్ సెల్‌లు ఒకదాని వెనక ఒకటి రెండేసి అంగుళాల ఎడంలో, ఏటవాలుగా నిలబెట్టండి. అయిదడుగుల దూరం నుంచి ఎఫ్/1.8తో మధ్య సెల్ మీద ఫోకస్ చేసి అయిదు ఫొటోలు తీయండి, ప్రతిసారీ ముందు ఫోకస్ చెడగొట్టి మళ్ళీ పట్టించండి. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో ఒకసారి. వ్యూఫైండర్‌తో ఎప్పుడూ ముందు సెల్ గానీ వెనక సెల్ గానీ స్పష్టంగా వచ్చి, లైవ్ వ్యూలో మధ్యది సరిగ్గా వస్తే ఆ లెన్స్‌కీ ఆ బాడీకీ పొత్తు కుదరలేదన్నమాట. కెనాన్ 80డీ, 90డీ, నికాన్ డీ7200, డీ7500 బాడీల మెనూలో దీన్ని సరిచేయవచ్చు. 1500డీ, డీ5600 లాంటి వాటిలో ఆ సదుపాయం లేదు కాబట్టి లెన్స్ మార్పించుకోవడమే దారి. మిర్రర్‌లెస్‌లో ఈ గొడవ రాదు.

3. ఎండకి ఎదురుగా తెల్ల పంచె అంచుల దగ్గర ఊదారంగు గీత కనిపిస్తే భయపడకండి. పెద్ద ఎపర్చర్‌తో (ఎఫ్/1.8 లాంటి చిన్న ఎఫ్ నంబరు దగ్గర) చాలా ప్రైమ్‌లకి ఇది ఉంటుంది, ఎఫ్/2.8కి మూస్తే చాలావరకు తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే మరొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది: ఫంగస్. సముద్రపు తేమ ఉన్న మన జిల్లాల్లో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సుకి ఇది తొందరగా పడుతుంది. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నటి గీతలు కొమ్మలు విడిపోతూ కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. అద్దం మీది పూతని అది తినేస్తుంది, శుభ్రం చేయించినా మచ్చ మిగలొచ్చు. రెండు మూడు దుమ్ము రేణువులు మాత్రం ఫొటోలో కనిపించవు. నికాన్ జీ లెన్స్ బాడీ నుంచి విప్పినప్పుడు బ్లేడ్లు (వెలుతురు దారిని చిన్నది చేసే లోపలి రేకులు) మూసుకుని ఉంటాయి. వెనక ఉన్న చిన్న మీటని వేలితో నెట్టి తెరవండి, వదలండి. టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తే బ్లేడ్లకి నూనె పట్టింది. పేరున్న కంపెనీ లెన్సే అయినా జీఎస్టీ బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు లేకపోతే సర్వీసు సెంటర్‌లో ఇబ్బంది పడతారు.

తేమ నుంచి కాపాడటం

తోలు సంచిలో, బట్టల బీరువాలో లెన్స్ దాచకండి. గాలి చొరబడని పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, చిన్న తేమ మీటరు, 100 నుంచి 200 గ్రాముల సిలికా జెల్ కొనుక్కోండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. రంగు మారే జెల్ నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగిందంటే తేమ నిండిపోయింది. వంటకి వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. బియ్యం డబ్బాలో లెన్స్ పెట్టే అలవాటు మానుకోండి, పిండి లోపలికి చేరుతుంది.

బారువ, కళింగపట్నం లాంటి తీరాల్లో తిరిగొచ్చాక లెన్స్ ఒళ్ళంతా కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. ముందు అద్దం మీది ఇసుకని మొదట బ్లోయర్‌తో ఊదాలి, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఏసీ గదిలోంచో కారులోంచో బయటికి తీసుకెళ్ళేటప్పుడు కెమెరాని సంచిలోనే అరగంట ఉంచండి. లేకపోతే చల్లటి అద్దం మీద ఆవిరి పట్టి మొదటి ఫొటోలన్నీ మసకగా వస్తాయి. ఆ ఆవిరిని తుడవకండి, దానంతట అది పోయేదాకా ఆగండి.